జీన్సు ప్యాంటును తిరగేసి చూద్దాం



యువజన కూడికలో ఈసారి జీన్సు ప్యాంటు గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కొందరు తమ్ముళ్ళు నవ్వారు. కొందరు పెద్దలేమో, హమ్మయ్య, జీన్సు వేసుకుని మందిరానికి రావద్దని వీళ్ళైనా చెప్తారని సంతోషించారు. రెండు పక్షాలనీ కాస్త నిరాశపరచక తప్పదు.

మన ఇళ్ళల్లో మగపిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా వేసుకునే బట్ట ఇదే. కాలేజీకి ఇదే, పనికి ఇదే, పెళ్ళికీ క్రిస్మస్‌కీ ఇదే. అయినా దీన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా ఉతకాలో మనకెవరూ నేర్పలేదు. పంచె కట్టడం తాత నేర్పాడు. చీర నాణ్యం చూడడం అమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. అంచు పట్టుకుని, మడత విప్పి, వెలుతురుకు పెట్టి చూస్తుంది. మనం మాత్రం జీన్సు కొట్లోకి వెళ్ళి, బొమ్మకు తొడిగింది చూసి, అద్దంలో ఒకసారి వెనక్కి తిరిగి, డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఆరు నెలలకు తొడల దగ్గర చిరుగుతుంది. మళ్ళీ కొంటాం.

అసలు ఇది కష్టపడే మనిషి కోసం పుట్టిన బట్ట. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని రెనో ఊళ్ళో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే ఒక మనిషి భార్య వచ్చి, మా ఆయనకు ప్యాంటు నిలవడం లేదు, గట్టిది కుట్టిపెట్టమని అడిగింది. గుర్రపు దుప్పట్లకు వాడే రాగి రివెట్లు అతని బల్ల మీద ఉన్నాయి. వాటిని జేబుల మూలల్లో బిగించాడు. ఆ పనికి పేటెంటు తీసుకోవడానికి చేతిలో డబ్బు చాలక, తనకు గుడ్డ అమ్మే వ్యాపారి లీవై స్ట్రాస్‌కు ఉత్తరం రాశాడు. 1873 మే 20న ఇద్దరి పేరా పేటెంటు వచ్చింది. లోకమంతా వ్యాపారి పేరే మిగిలింది. దర్జీ పేరు మీలో ఎంతమంది విన్నారు?

ఆ నీలం రంగు మాత్రం మన నేలకు బాగా తెలుసు. 19వ శతాబ్దంలో కడప, నెల్లూరు వైపు నీలిమందు విస్తారంగా పండేది. బెంగాల్లో 1859లో రైతులు నీలిమందు వేయమని తిరగబడ్డారు. 1917లో గాంధీగారు చంపారన్ వెళ్ళింది కూడా ఆ పంట బలవంతం మీదే. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ ఫ్యాక్టరీలో చేసిన నీలిమందును బజారులోకి దింపాక మన పంట పడిపోయింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన పిల్లలకు ఇంకో మాట. ఇంగ్లీషువాళ్ళు ‘డంగరీ’ అనే ముతక గుడ్డకు ఆ పేరు ముంబైలోని డోంగ్రీ నుంచి వచ్చిందంటారు.

ఇక ప్యాంటు దగ్గరికి వద్దాం. పడుగు, పేక అంటే మనలో చాలా ఇళ్ళకు తెలుసు. జీన్సు గుడ్డలో పడుగు దారాలు నీలం, పేక దారాలు తెలుపు. అందుకే తిరగేస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. పడుగు నూలును నీలిమందు తొట్టిలో ముంచి తీస్తారు, గాలి తగిలి నీలమెక్కుతుంది, మళ్ళీ ముంచుతారు. ఎన్నిసార్లు ముంచినా రంగు దారం పైపొర మీదే పడుతుంది, నడుమ తెలుపే. రాపిడి తగిలిన చోట పైపొర పోతుంది, లోపలి తెలుపు బయటికి వస్తుంది. మోకాళ్ళు, జేబు అంచులు, పర్సు పెట్టుకునే చోటు తెల్లబడడం లోపం కాదు, గుడ్డ గుణం. కొత్త ప్యాంటును ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందని చెప్పేవాళ్ళున్నారు. ఒకసారి పట్టిన నీలిమందును ఉప్పు ఇంకా గట్టిగా పట్టించలేదు. ఉప్పు కూరలో వేసుకోండి.

కొట్లో చేయాల్సిన మొదటి పని, ప్యాంటును తిరగేయడం. కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. కాళ్ళ మధ్య నుంచి దిగే అతుకు చూడండి. రెండు అంచులనూ ఒకదానిలో ఒకటి మడిచి, పక్కపక్కనే రెండు వరుసల కుట్టు వేస్తే గట్టిది. ఒక్క వరుస వేసి అంచుకు ఓవర్‌లాక్ తిప్పి వదిలేస్తే అది ముందు విడిపోతుంది. జేబు మూలల్లో, బెల్టు లూపుల పైనా కిందా దగ్గరదగ్గరగా అడ్డంగా వేసిన చిన్న దిట్టమైన కుట్టు ఉండాలి. జేబు లోపలి గుడ్డ పల్చగా, గంజి పెట్టినట్టు ఉంటే రెండు నెలల్లో తాళాలు కిందికి జారతాయి. జిప్పును పదిసార్లు పైకీ కిందికీ లాగండి. తడి చేసిన తెల్ల రుమాలుతో లోపలివైపు రుద్దండి. ముదురు నీలం కాస్త అంటుతుంది, అది మామూలే. రుమాలు పూర్తిగా నీలమైపోతే ఆ ప్యాంటు మీ చొక్కాలనూ మోటారు సైకిల్ సీటునూ కూడా రంగు వేస్తుంది.

గుడ్డ బరువును ఔన్సుల్లో చెప్తారు, చదరపు గజానికి ఇన్ని ఔన్సులని. విదేశీ వీడియోల్లో 14, 16 ఔన్సులవి చూసి మోజు పడకండి. అవి చలి దేశాల బట్టలు. మన ఎండలకు 10 నుంచి 12 ఔన్సులు చాలు. లోపలి చీటీ చదవండి. మొత్తం పత్తి అయితే మొదట బిగుతుగా ఉన్నా ఒంటికి అలవాటవుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. సాగడానికి కలిపే ఎలాస్టేన్ 1, 2 శాతం ఉంటే ఫర్వాలేదు. అంతకు మించితే వేసుకున్న రోజు హాయిగా ఉంటుంది గానీ వేడి నీళ్ళకీ ఇస్త్రీకీ ఆ సాగుడు చచ్చి, మోకాళ్ళ దగ్గర సంచిలా వేలాడుతుంది. 32 అని రాసి ఉన్నంత మాత్రాన 32 అంగుళాలని నమ్మొద్దు, టేపు అడిగి కొలవండి. వేసుకున్నాక నిలబడి అద్దం చూడడం కాదు, గొంతుక్కూర్చోండి. మోకరించి చూడండి. మోకరించలేని ప్యాంటు మనవాళ్ళకెందుకు?

ఇప్పుడు ధర సంగతి. 600 రూపాయల ప్యాంటు ఏడాదికి మూడు కొన్నామనుకోండి, 1,800. అదే 1,800 పెట్టి ఒకటి కొంటే, బాగా చూసుకుంటే మూడేళ్ళు వస్తుంది. లెక్క తేలికే. కానీ రోజుకూలి మీద బతికే ఇంట్లో ఒకేసారి 1,800 తీయడం తేలిక కాదని మాకు తెలుసు. అందుకే బ్రాండు పేరు చెప్పడం లేదు, కుట్టు చూడడం చెప్తున్నాం. కుట్టు చూడడం తెలిసినవాడికి సంతలో గుట్టగా పోసినవాటిలో కూడా మంచిది దొరుకుతుంది. బ్రాండు చీటీ ఉండి లోపల ఓవర్‌లాక్ దారాలు వేలాడుతున్న ప్యాంట్లు కూడా మేము చూశాం.

ఆ కుట్టు ఎవరిది? బళ్లారి నుంచి వచ్చినవాళ్ళకు ఈ ప్రశ్న అక్కర్లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి ఇటు మిగిలింది. గీత మధ్యలో పడినా కుట్టు మిషన్ రెండు వైపులా ఒకటే పాట పాడుతోంది. రాయదుర్గంలోనూ జీన్సే, బళ్లారిలోనూ జీన్సే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ సైన్యానికి యూనిఫాంలు కుట్టిన దర్జీలతో ఇక్కడ ఈ పని మొదలైందని బళ్లారి వాళ్ళు చెప్పుకుంటారు. కౌల్ బజార్ సందుల్లో నడిస్తే వినిపించేది మిషన్ల చప్పుడే. కటింగ్ ఒకచోట, కుట్టు ఒకచోట, కాజాలు, గుండీలు ఇంకోచోట. ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప మీద కూర్చుని మిగిలిన దారాలు కత్తిరిస్తుంటారు. చాలా పనికి పీసు రేటే. జ్వరమొచ్చిన రోజు పీసు లేదు, రేటు లేదు. మనం కొట్లో నిలబడి ఇంకో 50 తగ్గించమని బేరమాడినప్పుడు ఆ 50 కొట్టువాడి లాభంలోంచి పోతుందనుకుంటాం. ఎక్కువసార్లు అది కిందికి జారి ఆ గడప దగ్గరికే చేరుతుంది. కూలి బిగబట్టడం గురించి యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఏమంటుందో మీకు తెలుసు.

కుట్టుతో పని అయిపోదు. కొత్త ప్యాంటును పాతదానిలా చేయడానికి వేరే ఖర్చు. తెల్ల మచ్చలు, తొడల మీద గీతలు, మోకాళ్ళ దగ్గర చిరుగులు. వీటి కోసం ఇసుకను గాలి ఒత్తిడితో గుడ్డ మీద కొట్టేవాళ్ళు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. రాతి క్రషర్లలో పనిచేసిన కుటుంబాలకు ఆ దగ్గు ఎలాంటిదో తెలుసు. టర్కీలో జీన్సు కార్ఖానాల్లో పనిచేసిన కుర్రాళ్ళు అలా చనిపోయాక ఆ దేశం 2009లో ఆ పద్ధతిని నిషేధించింది. మరుసటి ఏడాది కొన్ని పెద్ద కంపెనీలూ మానేస్తామన్నాయి. ఇప్పుడు చాలాచోట్ల పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం చల్లుతున్నారు. ముక్కుకు సరైన మాస్కు లేకుండా చల్లితే అదీ హానే. ముంబై దగ్గర ఉల్హాస్‌నగర్‌లో జీన్సు ఉతికే యూనిట్ల రంగు నీళ్ళు వాల్‌ధునీ నదిలో కలవడం కోర్టుల దాకా వెళ్ళింది. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం. ముదురు నీలం, సాదా ప్యాంటు కొనండి. పాతబడే పని మీ ఒళ్ళు చూసుకుంటుంది. చిరుగుల ప్యాంటుకు ఎక్కువ డబ్బిచ్చి కొనడం మాకైతే ఎప్పటికీ అర్థం కాదు. చిరుగుల బట్టలు మన తాతలు ఊరికే వేసుకున్నారు.

ఉతకడం గురించి రెండు అతి మాటలు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి, జీన్సు నెలల తరబడి ఉతకొద్దని. లీవైస్ కంపెనీ పెద్దే 2014లో తన ప్యాంటును ఏడాదిగా ఉతకలేదని చెప్పి వార్తల్లోకెక్కాడు. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 15 నెలలు ఉతకని జీన్సును పరీక్షిస్తే సూక్ష్మజీవులు రెండు వారాల ప్యాంటు మీద ఉన్నంతే ఉన్నాయని 2011లో తేల్చారు. కావచ్చు. అది కెనడా. మే నెలలో బళ్లారిలోనో యానాంలోనో రెండు బస్సులు మారి పనికి వెళ్ళే మనిషికి ఆ లెక్క పనికిరాదు. రెండో అతి, వేసుకున్న ప్రతిసారీ సర్ఫులో నానబెట్టి, బండ మీద బాది, బ్రష్‌తో గీకడం. అలా అయితే గుడ్డ ఏడాదిలో సగం చస్తుంది.

మధ్య దారి ఉంది. విప్పగానే తలుపు వెనక మేకుకు తగిలించకుండా తీగ మీద గాలికి వేయండి. మచ్చ పడితే ఆ మచ్చనే కడగండి. చెమటను బట్టి నాలుగైదుసార్లు వేసుకున్నాక ఉతకండి, వానలో తడిసినా, ఒళ్ళు చెమటతో ముద్దయినా ఆ రోజే ఉతకండి. గుండీ, జిప్పు పెట్టి, తిరగేసి, చల్లటి నీళ్ళలో కొంచెం సబ్బుతో. మొదటి రెండు మూడుసార్లు విడిగా. మెలిపెట్టి పిండొద్దు. తిరగేసే నీడలో, నడుము దగ్గర పట్టుకుని ఆరేయండి. లీవైస్ 2015లో ఇచ్చిన లెక్కలో ఒక 501 ప్యాంటు పత్తి చేను నుంచి పారేసే దాకా సుమారు 3,781 లీటర్ల నీళ్ళు తాగుతుంది. అందులో 68 శాతం పత్తి పంటకు, 23 శాతం కొన్నవాళ్ళ ఉతుకుళ్ళకు. కంపెనీ లెక్క కాబట్టి తప్పును మన బకెట్ మీదికి నెట్టడం వాళ్ళకూ ఇష్టమే. అయినా ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే మన వీధుల్లో ఆ బకెట్ నీళ్ళు మోసేది ఎక్కువగా అమ్మా, చెల్లీ. మీ ప్యాంటు మీరే ఉతుక్కోండి, తమ్ముళ్ళారా. తడిసిన జీన్సు ఎంత బరువుంటుందో అప్పుడు తెలుస్తుంది.

సిగ్గుపడి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. బిగుతు జీన్సు తడి ఆరకుండా వేసుకుంటే గజ్జల్లో తామర వస్తుంది. ఫ్రెండు చెప్పాడని మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిసిన క్రీము కొని రాయకండి. దురద తగ్గినట్టే తగ్గి, తామర పాకుతుంది, మొండికేస్తుంది. చర్మం డాక్టరుకు చూపించండి. అన్నాళ్ళూ పంచో వదులు ప్యాంటో వేసుకోండి.

ఇక పెద్దల ప్రశ్న. జీన్సు అహంకారమా? తమిళనాడులో ఉన్నవాళ్ళకు గుర్తుంటుంది. ఒక కులాంతర వివాహం సాకుతో 2012 నవంబరు 7న ధర్మపురి జిల్లాలో నత్తం, అణ్ణా నగర్, కొండంపట్టి దళిత వాడల ఇళ్ళు తగలబెట్టారు. ఆ తర్వాత పీఎంకే వ్యవస్థాపకుడు రామదాస్, దళిత కుర్రాళ్ళు జీన్సు, టీ షర్టు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అమ్మాయిలను వలలో వేస్తున్నారని బహిరంగంగా ఆరోపించాడు. ఒక ప్యాంటు నేరమైపోయింది. మన బట్ట మీద ఇతరుల కన్ను కొత్తది కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు, వారిలో చాలామంది క్రైస్తవులు, ఒంటి పైభాగం కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు దెబ్బలు తిన్నాకే 1859లో రాజు ప్రకటన వచ్చింది. 1927 డిసెంబరులో మహాడ్‌లో అంబేడ్కర్ స్త్రీలతో మాట్లాడుతూ, కులాన్ని పట్టిచ్చే చీరకట్టూ నగలూ వదిలేయమన్నాడు. కాబట్టి పెద్దలారా, మన పిల్లవాడు ఉతికిన జీన్సు వేసుకుని తలెత్తి మందిరంలోకి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపకండి. ఆ మాట బయటివాళ్ళు చాలానే అంటున్నారు. అలాగే తమ్ముళ్ళారా, క్రిస్మస్‌కి కొత్త ప్యాంటు లేదని ఆరాధన మానేసే కుర్రాడు మీ సంఘంలో ఒకడైనా ఉంటాడు. వాణ్ణి పిలవడానికి వెళ్ళేటప్పుడు మీరూ పాతదే వేసుకుని వెళ్ళండి.

యొప్పేలో దొర్కా కుట్టిన అంగీలను విధవరాండ్రు పేతురుకు చూపించారని మనందరికీ తెలుసు. బహుశా అంచులు తిరగేసి కూడా చూపించి ఉంటారు.

చిరిగిన ప్యాంటు సంగతి చెప్పి ఆపేస్తాం. బండి నడిపేవాళ్ళకు ముందు తొడల మధ్య అరుగుతుంది. చిల్లు పడ్డాక కాదు, గుడ్డ పల్చబడి నేత కనిపించినప్పుడే లోపలివైపు పాత జీన్సు ముక్క పెట్టి, దగ్గరదగ్గరగా ముందుకూ వెనక్కూ కుట్టించాలి. ముక్క చిల్లు కన్నా అన్ని వైపులా రెండు వేళ్ళు పెద్దదిగా ఉండాలి. పాత ప్యాంట్లు తెమ్మని ముందే చెప్పాం. వరండాలో రెండు మిషన్లు ఉన్నాయి, బళ్లారి నుంచి వచ్చిన అక్కలు ఇద్దరు కూర్చుంటారు. పీసు రేటు వాళ్ళు చెప్పిందే, బేరం లేదు. ప్యాంట్లు తిరగేసి, జేబులు ఖాళీ చేసి, వరుసగా బల్ల మీద పెట్టండి.