చికిత్సకు ముందే అడగవలసిన ప్రశ్న

(మహిళల ఆరోగ్యంపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా సేవా కమిటీలో ఎక్కువమందిమి ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలం. ఆసుపత్రి దరఖాస్తులు నింపడం, రోగులకు తోడుగా వెళ్లడం మా పని. అలా ఒకసారి మా బస్తీకి చెందిన 28 ఏళ్ల అమ్మాయి వెంట వెళ్లాము. ఆమెకు పిల్లలు లేరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్నదని తేలింది. అక్కడి వైద్యులు భర్తతోనూ అత్తగారితోనూ మాట్లాడి, గర్భసంచి తీసివేయాలన్నారు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపారు. ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక, "చాచా, ఇక నాకు పిల్లలు పుట్టరా?" అన్నది. మా వద్ద జవాబు లేదు. దానిని వెదుకుతూ తెలుసుకున్న సంగతులనే నేడు మీ ముందు ఉంచుతున్నాము.

వ్యాధి సూక్ష్మదర్శినికి మాత్రమే కనిపించే దశలో ఉంటే, ముఖద్వారం నుండి శంఖాకారపు ముక్కను తీసివేసే కోనైజేషన్ చాలామందికి సరిపోతుంది. అంతకు మించినా, గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి లింఫు గ్రంథులకు పాకకపోతే, మరొక మార్గం ఉన్నది. ముఖద్వారాన్ని, దాని చుట్టుపక్కల కణజాలాన్ని తీసివేసి, గర్భసంచిని నిలుపుతారు. దీనిని ట్రాకెలెక్టమీ అంటారు. ఫ్రాన్సు వైద్యుడు డానియెల్ డార్జాన్ 1987లో ఈ శస్త్రచికిత్సకు నాంది పలికారు.

ఇది అందరికీ తగినది కాదు. కొన్ని రకాల క్యాన్సర్లకు పనికిరాదు. బిడ్డ కోసం ప్రాణాన్ని పణంగా పెట్టమని మేము చెప్పడం లేదు. అయితే కటి భాగానికి రేడియేషన్ ఇచ్చిన తరువాత, లేదా గర్భసంచి తీసిన తరువాత, ఈ ప్రశ్న అడిగి ప్రయోజనం లేదు.

ఆ అమ్మాయి మరొక వైద్యుని అభిప్రాయం తీసుకున్నది. ట్రాకెలెక్టమీ జరిగింది. వైద్యుల సలహాపై ఏడాది ఆగింది. తొలి గర్భం ఐదో నెలలో పోయింది. ముఖద్వారం లేనందున గర్భాన్ని నిలిపేది లోపల వేసిన కుట్టే. అందుకే గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం ఎక్కువ. రెండోసారి మొదటి నుండీ పెద్దాసుపత్రి పర్యవేక్షణలోనే ఉన్నది. 34వ వారంలో సిజేరియన్ చేశారు. పాప కొన్నాళ్లు నవజాత శిశు విభాగంలో ఉండి ఇంటికి వచ్చింది.

ఆ తొలి గర్భం పోయినప్పుడు బంధువులు ఆమెనే తప్పుపట్టారు. ఆమె తప్పేమున్నది? ఇటువంటి గర్భం కష్టమైనదని ముందే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉంటే, ఆ మాటలు ఆమె పడవలసి వచ్చేది కాదు.

కనుక మా విన్నపాలు మూడు. సంతకానికి ముందు, రోగికి తెలిసిన భాషలో, ఉర్దూ అయినా తెలుగు అయినా, ఆమెతోనే ఏకాంతంగా మాట్లాడాలి. "పిల్లలు కావాలనుకుంటున్నావా?" అని అడగడం వైద్యుని దయ కాదు, ఆమె హక్కు. రెండవది, 30 ఏళ్లు దాటిన స్త్రీలను పరీక్షకు పంపండి. తొలి దశలో దొరికితేనే ఈ మార్గాలన్నీ తెరచి ఉంటాయి. మూడవది, భర్తలకు, అత్తమామలకు: ఆమె తరఫున జవాబు మీరు చెప్పకండి. ఆమె చెప్పేదాకా ఆగి వినండి.

ఇంతకాలం ఫైళ్లలో ఖాళీగా ఉన్న గడులను నింపించినవాళ్లం మేము. ఈ ఒక్క గడి కూడా ఖాళీగా ఉండరాదని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.