బరువు తగ్గుట: కార్మికులలో గల అపోహలు

(సూరత్‌లోని తెలుగు మరమగ్గ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై వచ్చిన నేత కార్మికుల సభలో బరువు తగ్గుటను గురించిన ప్రసంగం కొందరికి వింతగా తోచవచ్చు. అది తిని కూర్చునేవారి సమస్య అని మనలో చాలామంది భావిస్తారు. మొదటి అపోహ ఇదే. పన్నెండు గంటల షిఫ్టు మగ్గాల నడుమ నిలబడిన మనిషికి కాళ్లు చేతులు సన్నబడి, పొట్ట మాత్రం ముందుకు వచ్చుట లింబాయత్, ఉధనా వాడలలో మీరు నిత్యం చూస్తున్నదే.

పూనా వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ దేహాలనే ఉదాహరణగా చూపారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచిక ఇద్దరికీ 22.3. కాని దేహంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనబడే భారతీయునిలోనూ కొవ్వు దాగి ఉండగలదు. అందుకే 2009లో మన వైద్య నిపుణులు భారతీయులకు హద్దులు తగ్గించారు. సూచిక 23కు చేరితే అధిక బరువే. నడుము పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనకు టేపు కొత్తది కాదు గదా, ఒకసారి నడుముకు చుట్టి చూడండి.

షెడ్డులో ఇంత చెమట కారుతుండగా కొవ్వు కరగదా అని అడుగుతారు. చెమటతో పోయేది నీరు, ఉప్పు. షిఫ్టు దిగేసరికి తగ్గిన బరువు రెండు చెంబుల నీళ్లతో తిరిగి వస్తుంది. ఆ నీళ్లు త్రాగకపోతే మూత్రపిండాలకు చేటు.

రాత్రి షిఫ్టులో చక్కెర టీతోను, పొగాకు కలిపిన మావాతోను ఆకలిని చంపి, తెల్లవారిన పిదప పళ్లెం నిండా అన్నం తిని పడుకొనుట ఉపవాసం కాజాలదు. పస్తుల వలన కొవ్వుతోపాటు కండ కూడ కరిగిపోతుంది. కార్మికునికి ఉన్న ఆస్తి ఆ కండ ఒక్కటే. అన్నం మాని రొట్టె తిన్నంత మాత్రాన ఒరిగేదీ లేదు. తూకానికి తూకం బియ్యం, గోధుమపిండి ఇచ్చే శక్తి ఇంచుమించు సమానం. ఎంత తిన్నాము, ప్రక్కన పప్పు, కూర ఎంత ఉన్నది అన్నదే లెక్క. చాందనీ పడవో పండుగనాడు తిన్న ఘారీ మిఠాయి వలన ఎవరూ లావెక్కరు లెండి!

వారానికి అరకిలో చొప్పున తగ్గుట సురక్షితమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే పొడుల జోలికి పోవద్దు. మూలికల పేర అమ్మిన సరుకులో సిబుట్రమిన్ అనే మందు కలిపిన ఉదంతాలు అనేక దేశాలలో బయటపడినవి. గుండెకు ప్రమాదకరమైన ఆ మందును మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది.

అన్నిటికన్న ప్రాణాంతకమైన అపోహ, బరువు తగ్గుట ఎల్లప్పుడూ మంచిదే అనుకొనుట. ఏ ప్రయత్నమూ లేకుండ ప్యాంటు వదులైతే సంతోషించవద్దు. దానికి తోడు రెండు వారాలు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే క్షయ అని అనుమానించాలి. తీరని దాహం, మాటిమాటికి మూత్రం ఉంటే మధుమేహ పరీక్ష చేయించాలి. షిఫ్టుల వారీగా పదిమంది ఒకే గదిలో పడుకునేచోట ఒకని దగ్గు అందరికీ ముప్పు. ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారానికై 2018 నుండి నెలకు 500 రూపాయలుగా ఉన్న సహాయం 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. స్వగ్రామం వెళ్లవలసివస్తే చికిత్సను అక్కడికి మార్పించుకోవచ్చు, మందులు మాత్రం మానరాదు.

అయిదు గంటలకు మించి ఎడతెగక పని చేయించరాదని, మధ్య అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆనాడే శాసించింది. మగ్గం ఆపితే మీటర్లు పడిపోతాయని నిలబడే నాలుగు ముద్దలు మింగే మనిషికి వేళకు తినుమని ఏ వైద్యుడు చెప్పి ఏమి ప్రయోజనం? ఆ అరగంటను సాధించుట సంఘం పని.

ఇ.ఎస్.ఐ.లో నమోదైన కార్మికునికి క్షయ సోకితే దీర్ఘకాల అస్వస్థతా భృతి లభిస్తుంది. రిజిస్టరులో పేరే లేనివాడు దానిని అడుగలేడు. మీ పేరు ఉన్నదో లేదో ఈ వారంలోనే విచారించుకోండి. లేనివారు మీ పేరు, షెడ్డు నంబరు సంఘ కార్యాలయంలో వ్రాయించండి.