కౌలు అను మాట



నేను కొత్తూరువాఁడను. హైదరాబాదునుండి కర్నూలు పోవు పెద్దబాటలో షంషాబాదు దాఁటిన పిదప, షాద్‌నగరు చేరకమునుపే మా యూరు వచ్చును. ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాఁడను. చిన్ననాఁట నాకు కావ్యములు చెప్పిన గురువుగారు ఏ మాటనైనను వ్యుత్పత్తి యడుగక విడిచెడివారు కారు. ఆ యలవాటు నన్ను నేఁటికిని విడువలేదు.

కొంతకాలము క్రిందట మా రచ్చకట్టకడ ఇద్దఱు రైతులు కౌలు విషయమై పంతమునకు వచ్చి, నన్ను నడుమ కూర్చుండఁబెట్టిరి. పొలము ఒకనిది, దున్నినవాఁడు వేఱొకఁడు. వానలు మొగము చాటువేసినవి, పంట పోయినది. కౌలు పూర్తిగా రావలెనని యొకఁడు, ఎక్కడినుండి తెత్తునని మఱియొకఁడు. వారి వాదము వినుచుండఁగా నాకు ఆ ‘కౌలు’ అను మాటయే మనసులో మెదలసాగినది. ఇది మన తెనుఁగు మాట కాదు, అరబ్బీనుండి వచ్చినది. ఆ భాషలో దీని యర్థము ‘మాట’ యనియే. ఇచ్చిన మాట, ఒప్పుకొన్న మాట. ఇంత శిస్తునకు ఇన్నేండ్లు దున్నుకొనుమని ప్రభుత్వము రైతునకు వ్రాసి యిచ్చిన పత్రమును మన పెద్దలు కౌలు అనిరి. రెండువందల యేండ్ల క్రిందట మన సీమలో ఆ మాటకు పట్టిన గతిని ఈ పూఁట మనవి చేసెదను.

1803లో సికందర్ జా హైదరాబాదు నవాబయ్యెను. అంతకుమున్నే, 1798లోను 1800లోను, గవర్నరు జనరలు వెల్లెస్లీ ప్రభువు నైజాముతో సంధులు చేసికొని కుంఫిణీ సైన్యమును ఇచ్చట నిలిపియుండెను. దాని వ్యయమునకై బళ్లారి, కడప సీమలు కుంఫిణీకి ధారపోయఁబడెను. అవి చాలక, రెసిడెంటు రస్సెలు దొర కాలమున నైజాము సొమ్ముతోనే మఱియొక సైన్యము పెరిగెను. దానికి నెలనెల జీతము లీయవలెను. బొక్కసము వట్టిది. ఈ చిక్కునంతటిని మోసినవాఁడు రాజా చందూలాలు. 1806 మొదలుకొని పేష్కారుగాను, 1832 మొదలుకొని దివానుగాను ఆయనయే రాజ్యమును నడపెను. కవులను ఆదరించినవాఁడు, తాను కవి, దాత. ఆయన గుమ్మమునుండి బిచ్చగాఁడు వట్టిచేతులతో మరలలేదందురు. ఐనను ఆ దానపు గింజలు ఏ కళ్లములోనివో విచారింపవలసియున్నది.

నాఁటి పద్ధతి ఇజారా. తాలూకాను ఎవఁడు ఎక్కువకు పాడునో వానికి అప్పగించుట. రాఁబడిలో రూపాయికి రెండణాలు తాలూకాదారునకు పారితోషికము. ఇంతవఱకే యైన బాగుగనే యుండును. కాని పాటలో గెలిచినవాఁడు ముందుగానే సొమ్ము చెల్లింపవలెను, నజరానా వేఱుగా నీయవలెను. సావుకారువద్ద వడ్డీకి తెచ్చును. తెచ్చిన యప్పు తీఱకమునుపే మఱియొకఁడు ఎక్కువ పాడిన, మొదటివాని పని సరి. అందుచేత దిగిననాఁటినుండియే రాఁబట్టుటయే వాని ధ్యేయము. రాఁబోవు సంవత్సరము ఈ చేను ఎట్లుండునో వానికేల? చెఱువు గండి పూడ్చుట వానికేల? ధాన్యము పాళ్లు పంచుకొను చోట్ల, ప్రభుత్వ భాగము తేలువఱకు రైతు కళ్లమునుండి గింజ యెత్తరాదు. వాన వచ్చి రాశి తడిసినను అంతియే. పటేలు, పట్వారి, దేశముఖు, దేశపాండ్య. వీరి మామూళ్లు వేఱు. చెల్లింపనివాని వాకిట అరబ్బులను, రోహిల్లాలను కూర్చుండఁబెట్టుదురు. వారికి జీతము బాకీపడినప్పుడు తాలూకాలనే తాకట్టు పెట్టిరి!

ఇట్టి యేలుబడిలో రైతు వానకంటె ఎక్కువగా వెఱచినది దేనికో చెప్పనక్కఱలేదు. వాన తప్పిన యేఁడు పస్తులుండవచ్చును. వాన కురిసిన యేఁడును పస్తులే యైనప్పుడు విత్తనము చల్లుటేల? పశువులను తోలుకొని రాత్రికి రాత్రి పొరుగు జాగీరునకు పోయెడివాఁడు. బీడు పెరిగెను. బీడు పెరిగినకొలఁది, మిగిలినవారి మీఁద బరువు పెరిగెను.

మీలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చదివినవారు ఉందురు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830లో కాశికి బయలుదేఱి, శ్రీశైలము సేవించి, కృష్ణ దాఁటి, వనపర్తి సీమమీఁదుగా హైదరాబాదు చేరెను. కర్నూలు దిక్కునుండి నేఁడు మేము బస్సులో గడియలలో వచ్చు దూరమును ఆయన బోయీల పల్లకిలో దినములు పట్టి వచ్చెను. ఆ దారిలో వనపర్తి, కొల్లాపురము సంస్థానాధిపతులు ఒకరితోనొకరు కలహించి ఒకరి గ్రామముల నొకరు కొల్లగొట్టుటను, నడుమ రైతులు నలుగుటను, హైదరాబాదు అధికారులు పట్టించుకొనకుండుటను ఆయన చూచి వ్రాసెను. మన యూళ్లలో కూలిన మట్టిబురుజులను పిల్లలు ఆటస్థలములనుకొందురు. దోపిడికాండ్రు వచ్చుచున్నారని కేక వేసినంతనే గింజలతోను పిల్లలతోను ఆశ్రయించుటకై కట్టుకొన్నవి అవి.

ఇఁక పామరు కంపెనీ కథ. విలియం పామరు అను నాతఁడు హైదరాబాదులో సావుకారు కొట్టు పెట్టి దొరతనమునకే అప్పులిచ్చెను. ఆయన పేరు మన భాషలో చదివిన నవ్వు వచ్చును గాని, లెక్కలలో మాత్రము పామరుఁడు కాఁడు! వడ్డీ ఏఁటికి నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు. తెల్లవారు దేశీయ ప్రభువులకు అప్పులీయరాదని శాసనముండఁగా, 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువే అనుమతి యిచ్చెను. ఆయన పెంచిన యువతి ఆ కొట్టులోని భాగస్వామి రంబోల్డు భార్య. 1820నాఁటికి ఒక్క క్రొత్త యప్పే అఱువది లక్షలు.

ఆ యేఁటనే చార్లెసు మెట్కాఫు రెసిడెంటుగా వచ్చెను. ఆయన నగరమున కూర్చుండక జిల్లాలు తిరిగెను. పాడుపడిన యూళ్లను చూచెను. పామరు కంపెనీ యప్పు తీర్చినఁగాని రాజ్యము కుదుటపడదని తలంచెను. తీర్చిన విధము వినుఁడు. ఉత్తర సర్కారులకై కుంఫిణీ ఏఁటేఁట నైజామునకు ఏడు లక్షలు కప్పము చెల్లించుచుండెను. 1823లో ఆ కప్పమును శాశ్వతముగా మాన్పించుకొని, బదులుగా కోటి పదునాఱు లక్షలకు పైఁబడిన మొత్తము నిచ్చి కంపెనీ యప్పు తీర్పించిరి. తీరాంధ్ర సీమలపై నైజామునకు మిగిలిన రాఁబడి ఆ విధముగా వడ్డీవ్యాపారి పద్దులో కలిసిపోయెను. మఱుసటి యేఁడే ఆ కొట్టు దివాలా తీసెను.

మెట్కాఫు చేసిన రెండవ పని మన కథకు ముఖ్యము. ఊరూర శిస్తు నిర్ణయించి, సాధారణముగా అయిదేండ్ల గడువుతో కౌళ్లు వ్రాయించి, వాటిని కాచుటకు తెల్లదొరలను జిల్లాలలో నిలిపెను. వ్రాసినదానికంటె ఎక్కువ అడుగరాదు. అడిగిన, మొఱపెట్టుకొనుటకు ఒక మనిషి కలఁడు. పోయిన రైతులు కొన్ని చోట్ల మరలివచ్చిరి. ఆయనను పొగడుటకు నేను రాలేదు. నైజాము మనస్ఫూర్తిగా కోరకయే పరాయివారిని జిల్లాలలో పెట్టుట పెత్తనమే. ధర పడిపోయిన యేఁట నగదు శిస్తు కట్టుట రైతునకు కష్టమే. ఐనను ఎంత ఈయవలెనో విత్తునాఁడే యెఱుఁగుట మన రైతునకు అప్పటికి క్రొత్త.

ఆ సంవత్సరములలోనే సముద్రములకావల ఐర్లండులో జరిగినది ఇచ్చట చెప్పకతప్పదు. ఏలయన, మనతో సంధులు చేసికొన్న ఆ వెల్లెస్లీయే 1821 తుదిలో ఆ దేశమునకు ప్రభుప్రతినిధిగా వెళ్లెను. అది ఆయన జన్మభూమి. అచ్చటను దొర భూమిని ఒకఁడు కౌలునకు పట్టును, వానివద్ద మఱియొకఁడు, వాని క్రింద బీదకాఁపు చిన్నముక్క దున్ని ఆలుగడ్డ పండించుకొనును. తనది కాని మతపు గురువునకు పంటలో దశమభాగము కూడ చెల్లింపవలెను. 1821లో వానలు మితిమీఱి గడ్డలు కుళ్లెను. 1822లో ఆఁకలి ప్రబలెను. రాత్రులు గుంపులు బయలుదేఱి, ‘కాప్టెన్ రాక్’ అను కల్పిత నామముతో బెదిరింపు లేఖలంటించి, కొట్టములు కాల్చిరి. ప్రభుత్వము చట్టము చేసెను: ప్రొద్దు క్రుంకినది మొదలు ప్రొద్దు పొడుచువఱకు అకారణముగా ఇల్లు వెడలినవానికి ఏడేండ్లు ద్వీపాంతరము. మనవాఁడు గ్రామము విడిచి పోయెను. వాఁడు నిప్పు పెట్టెను. ఇద్దఱికిని పైవాఁడు ఎంత యడుగునో తెలియకపోవుటయే మొదటి దుఃఖము.

1829లో నాసిరుద్దౌలా సింహాసన మెక్కెను. తెల్లదొరల పర్యవేక్షణము తనకు వలదని బెంటింకు ప్రభువును కోరెను. కోరుట న్యాయమే, రాజ్యము ఆయనది. దొరలు వెడలిపోయిరి. కౌలు పత్రములు రైతుల యిండ్లలోనే యుండెను. వాటిని కాచువాఁడు లేకపోయెను. ఇజారా పాటలు యథాప్రకారము మొదలయ్యెను.

మూఁడేండ్లు గడచునప్పటికి నందన నామ సంవత్సరము వచ్చెను, అనఁగా 1832-33. వానలు వెనుదీసెను. ఆ కఱవు మిక్కిలి దారుణముగా పడినది గుంటూరు సీమమీఁద. సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షల వఱకు నశించిరని లెక్క. అది కుంఫిణీవారి జిల్లా సుఁడీ! అచ్చట ఇజారా లేదనుకొందమన్నను, కలెక్టరు కచ్చేరీయు లెక్కల పుస్తకములును ఉండెను. మన వేమనను బ్రదికించిన సి.పి. బ్రౌను దొర అప్పుడు ఆ జిల్లా పనిలో ఉండి, కనులారా చూచినదానిని ‘కఱవు’ అని వ్రాసెను. పైవారికి ఆ మాట నచ్చలేదు. ‘కొఱత’ యనుట వారికి ఇష్టము. కఱవన్నచో గంజి పోయవలెను, శిస్తు మాన్పవలెను. కొఱతకు ఓర్పు చాలును. కోశము వ్రాసినవాఁడు గనుక బ్రౌనునకు మాటల బరువు తెలియును. గింజ లేని యూరిలో ఆయన పట్టుపట్టినది ఒక మాటకొఱకే. ఆయన చేసిన పనులలో నిఘంటువు తరువాత నేను లెక్కించునది దీనినే.

చందూలాలు 1843లో పదవి విడిచెను. పదేండ్లకు, 1853లో, ఇరువదినాలుగేండ్ల సాలారుజంగు దివానై, పాటదారులను క్రమముగా తొలఁగించి జీతపు తాలూకాదారులను పెట్టెను. 1865లో జిల్లాబందీ చేసెను. అది వేఱొక ప్రసంగమునకు తగిన కథ.

రచ్చకట్ట తగవు మిగిలియున్నది. నేను ఇద్దఱిని అడిగితిని: మీ నడుమ కాగితమేది? లేదు. నోటిమాట. మా ప్రక్క విమానములు దిగుచున్నవి, ఎకరము కోట్లు పలుకుచున్నది, కౌలునకు దున్నువారిలో పెక్కురచేత కాగితము లేదు. ఉన్నచో హక్కు పుట్టునని సొంతదారు భయము; అడిగిన పొలము పోవునని దున్నువాని భయము. ఆ రాత్రి దీపము పెట్టువేళకు సగము కౌలునకు ఇద్దఱిని ఒప్పించితిని. పిదప బడిపిల్లవానిచేత తెల్లకాగితము తెప్పించి రాఁబోవు సంవత్సరమునకు నేనే వ్రాసితిని. గడువును, మొత్తమును తరువాత వ్రాసితిని. వాన తప్పిన యేఁడు ఎంత తగ్గింపవలెనో మొదటి పంక్తిలో పెట్టితిని. సొంతదారు రెండుమాఱులు చదివించుకొని, చాలసేపు ఊరకుండి, సంతకము చేసెను. దున్నువాఁడు వ్రేలిముద్ర వేసి, కాగితమును మడచి తలపాగలో పెట్టుకొనిపోయెను.