తొలి యిల్లు – తగిన పేట

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తొలి యిల్లు కొనదలచిన ఉద్యోగులకు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సందేహించితిని. నేను ఇంజనీరును కాను, న్యాయవాదిని కాను. ముప్పదియారు సంవత్సరములు ఈ ఢిల్లీ నగరమున కేంద్ర ప్రభుత్వ కార్యాలయములో ఫైళ్ళు చూచి విశ్రాంతి పొందినవాడను. అయితే ఇల్లు కొనుటలో ఒకమారు పొరబడి, రెండవమారు కొంత సరిదిద్దుకొన్నాను. ఆ పొరబాటే నాకు గల అర్హత యనుకొని ఒప్పుకొంటిని.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ నగరములో ఇల్లు కట్టువారు తక్కువ, కొనువారే ఎక్కువ. కొనువారికి ఆ సామెత చాలదు. ముందు పేటను చూడవలెను, పిమ్మట ఇంటిని చూడవలెను. నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటయే. తక్కినదంతయు దానికి వివరణము.

మనలో పలువురము క్వార్టర్లలో సగము జీవితము గడిపినవారము. రామకృష్ణపురము, సరోజినీ నగరు, నేతాజీ నగరు అను పేర్లు వినగానే మన పిల్లల బాల్యము కన్నుల యెదుట నిలుచును. ఆ యిండ్లు పెద్దవి కావు. వేసవిలో కాగిపోవు రెండు గదులు, ఒక వసారా. కుళాయి కారినను, కిటికీ ఊడినను ఎంక్వయిరీ ఆఫీసు చుట్టు తిరుగవలసినదే. అయినను ఆ యిండ్ల చుట్టు ప్రభుత్వము ఒక పేటను కట్టి యిచ్చినది. నడిచి పోగల దూరములో పాఠశాల, డిస్పెన్సరీ, పార్కు, అంగడి, బస్సు స్టాపు ఉండెను. రాత్రి వీధి దీపములు వెలిగెడివి. పొరుగువారి పేర్లు మనకు తెలిసి యుండెను. జీతములో కోత పడినది ఇంటి కొరకే యనుకొంటిమి గాని, పేట మనకు ఉచితముగా లభించినదని గుర్తింపలేదు. అందుచేతనే సొంత యింటికి బయలుదేరినప్పుడు గదులు లెక్కించితిమి, పేటను లెక్కింపలేదు. సరోజినీ నగరు, నేతాజీ నగరు మొదలైన ఏడు కాలనీలను పడగొట్టి తిరిగి నిర్మించుటకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. క్వార్టరు ఎవరికిని శాశ్వతము కాదు. ఉద్యోగ విరమణ తరువాత కొన్ని నెలల గడువే. కనుక ఆలోచన ముందే ఆరంభింపవలెను.

ఇక నా కథ. మూడేండ్ల బదిలీ ముగించుకొని 1997లో ఢిల్లీకి తిరిగి వచ్చినప్పుడు క్వార్టరు వంతు నాకు రాలేదు. అద్దె భరింపలేక, యమునకు ఆవలి గట్టున ఒక కాలనీలో రెండవ అంతస్తు కొంటిని. దళారి నన్ను ఒక ఆదివారము ఉదయము పది గంటలకు తన కారులో తీసికొనిపోయెను. చలికాలపు ఎండ, ఖాళీ వీధి, కొత్త సున్నము. ధర నేననుకొన్న దానికంటె లక్ష రూపాయలు తక్కువ. మా ఇంటిది "రాత్రి వేళ ఒకసారి చూచి వత్తమండీ" అనినది. నేను వినలేదు. అడ్వాన్సు ఇచ్చివేసితిని.

కాపురము పెట్టిన తరువాత అన్నియు తెలిసినవి. బస్సు దిగిన చోటినుండి ఇంటికి పావుగంట నడక. మధ్యలో దీపము లేని సందు, ఒక ప్రక్క ఖాళీ స్థలపు ప్రహరీ గోడ. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట అచట మనిషి అలికిడి ఉండదు. మా అమ్మాయికి చార్టర్డ్ అకౌంటెన్సీ చదువవలెనని కోరిక. సాయంకాలపు తరగతులు ఎనిమిదిన్నరకు ముగిసెడివి. ఏడాది పాటు ప్రతి రాత్రియు నేను బస్సు స్టాపు వద్ద నిలిచితిని. నేను టూరుమీద పోయిన దినములలో వాళ్ళమ్మ నిలిచినది. ఒక రాత్రి తల్లీకూతుళ్ళిద్దరును ఆ సందులో పరుగెత్తి వచ్చినారు. ఏమి జరిగినదని అడిగితిని. ఏమియు లేదన్నారు. మరునాడు అమ్మాయి తరగతులకు పోలేదు, తరువాతను పోలేదు. ఇప్పుడామె ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని, సుఖముగనే యున్నది. ఆనాటి మాట ఎత్తినచో నవ్వి ఊరకుండును. కాని ఆ యింటి ధరలో నేను మిగిల్చితిననుకొన్న లక్ష రూపాయలను చెల్లించినది మా అమ్మాయి. ఈ సంగతి నేను ఏ సభలోను చెప్పలేదు. ఈ దినము చెప్పుచున్నాను.

సోదరులారా, తక్కువ ధర యనునది తరచుగా ఇట్టిదే. తగ్గిన సొమ్మును ఆ యింటి ఆడవారు, పిల్లలు, వృద్ధులు తరువాత వాయిదాలలో చెల్లింతురు. కావున ధర, దూరము, రాత్రి, నేల, హక్కు అను ఐదింటిని కలిపి చూడవలెను.

మొదటిది ధర. కేంద్ర ప్రభుత్వపు 2017 నాటి గృహ నిర్మాణ అడ్వాన్సు నియమముల ప్రకారము 34 నెలల మూల వేతనము గాని, 25 లక్షలు గాని, ఏది తక్కువయో అంతవరకు ఇత్తురు. ఇంటి వెల, తిరిగి చెల్లింపగల శక్తి కూడ చూతురు. ఏడవ వేతన సంఘపు పట్టికలో 44,900 రూపాయల మూల వేతనము గలవానికి ఈ లెక్కన 15,26,600 రూపాయలు వచ్చును. ఇది సాధారణ వడ్డీ. మొదట అసలును 180 నెలలలోపల, పిదప వడ్డీని 60 నెలలలోపల చెల్లింపవచ్చును. భార్యాభర్తలిద్దరును కేంద్రోద్యోగులైనచో ఇద్దరును తీసికొనవచ్చును. చాలని సొమ్మునకు బ్యాంకు ఉండనే యున్నది. కాని ముప్పది లక్షలు ఎనిమిదిన్నర శాతము వడ్డీకి ఇరువది ఏండ్లకు తెచ్చినచో నెలకు సుమారు 26,000 రూపాయలు కట్టవలెను, మొత్తము 62 లక్షలు దాటును. చేతికి వచ్చు జీతములో మూడవ వంతుకు మించి వాయిదా కట్టవలసి వచ్చినచో ఆ యిల్లు మనది కాదని తలచుట మేలు. పెద్ద యిల్లు చెడ్డ పేటలో కొనుటకంటె చిన్న యిల్లు మంచి పేటలో కొనుడు. గది తరువాతనైనను చేర్చవచ్చును, వీధిని మార్చజాలము. ఢిల్లీలో స్త్రీ పేరిట రిజిస్టరు చేయించినచో స్టాంపు సుంకము తక్కువ. సుంకము మాట అటుంచి, ఆ యింట ఎక్కువ కాలము గడుపునది ఆమెయే గదా!

రెండవది దూరము. దూరపు కొండలు నునుపు. ఊరి చివర ఇల్లు చవుక యని పోయి, రాకపోకలకు దినమునకు రెండు గంటలు అదనముగా వెచ్చించినచో, ఏడాదికి 250 పనిదినములలో 500 గంటలు పోవును. ఇరువది ఏండ్లలో పదివేల గంటలు, అనగా నాలుగువందల దినములకు పైగా, రాత్రింబవళ్ళు బండిలో కూర్చున్నట్లే. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరు 25న ప్రజలకు అందినది. 2005 చివర ద్వారక వరకు వచ్చినది. రైలు వచ్చిన పిమ్మట దూరమును మైళ్ళలో గాక నిమిషములలో కొలువవలెను. స్టేషను నుండి ఇంటి గుమ్మము వరకు గల నడకను మాత్రము మరువరాదు. నేను పొరబడినది ఆ నడక దగ్గరనే.

మూడవది రాత్రి. 2012 డిసెంబరు తరువాత ఈ నగరములో ఆడపిల్ల ఉన్న ప్రతి తల్లికిని ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. పేటను నాలుగు మారులు చూడవలెను. పనిదినమున ఆఫీసు వేళ ఒకసారి, రాత్రి తొమ్మిది దాటిన పిదప ఒకసారి, పెద్దవాన కురిసిన మరునాడు ఒకసారి, మే నెలలో నీళ్ళకు కటకటపడు దినమున ఒకసారి. దళారి కారులో కాదు, బస్సులో పోయి నడిచి చూడుడు. ఇంటిలోని స్త్రీలను వెంట తీసికొనిపోయి, వారు వలదన్నచో కారణము అడుగక వెనుకకు మరలుడు. ఇస్త్రీవానిని, పాల బూతు వానిని, మందుల దుకాణము వానిని, చౌకీదారును అడుగుడు. అమ్మువానికి లేని నిజము వారికి ఉండును. ఎత్తైన గోడలు, ఇనుప గేట్లు మాత్రమే భద్రత కాదు. పొద్దుపోయినను తెరచియుండు రెండు దుకాణములు, మేడమీద నిలిచి వీధి చూచు నలుగురు ముసలివారు, వెలుగుచున్న దీపము. భద్రత వీటిలో నున్నది.

నాలుగవది నేల. 2023 జూలైలో ఢిల్లీ వద్ద యమున 208.66 మీటర్ల ఎత్తునకు వచ్చినది. అంతకు ముందు 1978లో 207.49 మీటర్లే అత్యధికము. నది తన దారిని మరువదు, మనమే మరతుము. గోడమీద తడి చార ఏ ఎత్తున ఉన్నదో చూడుడు. ఢిల్లీని 2002 నాటి భూకంప పటములో నాల్గవ మండలమున చేర్చినారు. నిలువ బలము లేని పునాదిమీద అంతస్తు తరువాత అంతస్తు లేపుట ఎంత ప్రమాదమో, 2010 నవంబరులో లక్ష్మీనగరు ప్రాంతమున ఒక ఐదంతస్తుల భవనము కూలి అరువదిమందికి పైగా మరణించినప్పుడు చూచితిమి. నగరపాలక సంస్థ ఆమోదించిన ప్లానులో ఎన్ని అంతస్తులున్నవో, నిలిచియున్నవి ఎన్నియో లెక్కపెట్టుడు. అగ్నిమాపక శకటము సందులోనికి రాగలదా యని చూడుడు.

ఐదవది హక్కు. నా తొలి యింటి కాగితము జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. తక్కినవారందరును అట్లే కొనుచున్నారు గదా యనుకొంటిని. అమ్మబోయినప్పుడు ఏ బ్యాంకును కొనువానికి ఋణము ఇయ్యలేదు. 2009లో వచ్చిన ధరకు వదలుకొంటిని. 2011లో సుప్రీం కోర్టు అట్టి కాగితములచే యాజమాన్యము సంక్రమింపదని స్పష్టముగా చెప్పినది. ఢిల్లీలో 1,731 అనధికార కాలనీల నివాసులకు హక్కులు ఇచ్చుటకు 2019లో పార్లమెంటు చట్టము చేసినది. అది అచట ఇదివరకే ఉన్నవారికి ఊరట. కొత్తగా కొనువాడు మాత్రము రిజిస్టరైన దస్తావేజు లేని ఇంటి జోలికి పోరాదు. కట్టుచున్న ఫ్లాటు కొనువారు 2016 నాటి రేరా చట్టము క్రింద అది నమోదైనదా యని చూడుడు. కొనువారి సొమ్ములో 70 శాతము వేరు ఖాతాలో ఉంచి ఆ నిర్మాణమునకే వాడవలెనని ఆ చట్టము. గోడల లోపలి వైశాల్యమును మాత్రమే లెక్కించుడు. నోయిడా వైపు వేలాది కుటుంబములు పూర్తికాని ఇంటికి వాయిదా, ఉన్న ఇంటికి అద్దె రెండును కట్టిన సంగతి మీరెరుగుదురు. సిద్ధముగా నున్న పాత యిల్లు, సిద్ధము కాని కొత్త యింటికంటె నయము.

స్వస్థలమునకు పోయి స్థిరపడదలచిన వారికొక మాట. మన భాషయే మనకు హెచ్చరిక. పేరులో చెరువు, కుంట, వాగు అను మాటలున్న చోట కొనునప్పుడు నీరు ఎచటికి పోయినదని అడుగుడు. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలలోనికి చెరువులు నడిచి వచ్చినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో సగము పేటలను ముంచినది. చెరువు శిఖము భూమి ఎంత చవుకయైనను చవుక కాదు.

కడపటి మాట. మంచి పేట యనగా మనవారే ఉన్న పేట యని కొందరి భావము. తెలుగు పాఠశాల దగ్గరనుండుట ఆనందమే. ఆంధ్ర విద్యా సంఘము 1948 నుండి ఈ నగరమున చేసిన సేవ చిన్నది కాదు. కాని నేను 2010లో ద్వారకలో ఒక సహకార సంఘపు పాత ఫ్లాటు కొన్నాను. రెండు చిన్న గదులు. మొదట్లో నీళ్ళకు ట్యాంకరు కొరకు ఎదురు చూచితిమి. మా ప్రక్కవారు మలయాళీలు, ఎదుటివారు పంజాబీలు, క్రింద ఒక బెంగాలీ కుటుంబము. ఒక అర్ధరాత్రి నాకు గుండెనొప్పి వచ్చినప్పుడు కారు తీసినది పంజాబీ సోదరుడు, మా ఇంటిదానికి తోడుగా తెల్లవారువరకు కూర్చున్నది మలయాళీ అమ్మ. ఏ దళారి పత్రములోను వారి వెల వ్రాసి లేదు.

ఇక్కడ కూర్చున్న చిన్నవారు రేపో మాపో అడ్వాన్సు దరఖాస్తు వ్రాసెదరు. వ్రాయుటకు ముందు ఒక రాత్రి తొమ్మిది గంటలకు, ఆ పేటలో, బస్సు స్టాపు నుండి ఇంటి గుమ్మము వరకు నడిచి చూడుడు. మీ కుమార్తె ఒంటరిగా ఆ దారిని నడువగలదని మీ మనస్సు ఒప్పుకొన్నచో సంతకము చేయుడు. లేనిచో కలము మూసి జేబులో పెట్టుకొనుడు. ఇండ్లు ఇంకను చాల ఉన్నవి.