మోడు మిగిలితే చిగురించును

ఏండ్ల తరబడి రోజూ గంజాయి తాగేవారిలో కొందరికి కడుపునొప్పితో ఆగని వాంతులు వస్తాయి. వేడినీళ్ళ స్నానంతో కాసేపు నెమ్మదిస్తుంది గనుక పదేపదే స్నానం చేస్తుంటారు. 2004లో ఆస్ట్రేలియా వైద్యులు ఈ జబ్బును వివరించారు. గంజాయి పూర్తిగా మానితేనే ఇది పోతుంది. మళ్ళీ తాగితే మళ్ళీ వస్తుంది. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు.

బోధను రైతు సోదరులారా, చెరకు నరికినా మోడు మిగిలితే చిగురించును గదా! వేడినీళ్ళ ఉపశమనమూ అంతే.

తల్లిదండ్రులారా, పరువు పోతుందని డాక్టరు దగ్గర దాచకండి. గంజాయి సంగతి చెప్పకపోతే జబ్బు తెలియడం కష్టం. తప్పిపోయిన కుమారుని తండ్రి పరువు చూచుకొనక పరుగెత్తి కౌగిలించుకొనెను. మీరూ బిడ్డ చేయి పట్టుకొని ఆసుపత్రికి నడవండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.