ఉలికి పదును

1956వ సంవత్సరము వఱకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన బీదరు పట్టణపు బిద్రీ పాత్రలను మీలో ననేకులు చూచియే యుందురు. ఇంచుమించు 16 పాళ్ల తుత్తునాగమునకు 1 పాలు రాగి చేర్చి పోత పోయుదురు. మైలుతుత్తపు నీటితో నల్లపఱచి, లతలను గీచి, ఉలితో చాళ్లు చెక్కి, వెండితీగెను కొట్టి యిమిడ్తురు.

చూపఱులు వెండిని మెచ్చుదురు; ఆ వెండిని నిలుపునది ఉలి పదును. పదునైన ఉలి లోహమును కోయును. మొద్దుబాఱినది లోహమును నలిపి చాలు అంచులను చెఱచును. అందు తీగెకు పట్టు చిక్కదు. అదియుగాక, అట్టి యులి జాఱి చేతిని గాయపఱచును.

పదును పెట్టు విధ మిది. సానరాతిపై నూనెచుక్క వేసి, ఉలి మొగమును ఒకే వాలున అదిమి రాయవలెను. వాలు మాఱినచో అంచు గుండ్రమగును. తిరుగుడుసానపై పట్టునపుడు మాటిమాటికి నీట ముంచవలెను. మొన నీలివర్ణమునకు తిరిగినచో ఉక్కు గట్టిదనము పోయినదని యెఱుంగునది. పిదప మొనను బొటనవ్రేలి గోటిపై మెల్లగా ఆనింపవలెను: నిలిచినచో పదునున్నది, జాఱినచో మరల రాయవలెను.

నడుమ లేచి సానకడకు పోవుట కాలహరణమని శిష్యులు తలంతురు. అదియు పనిలోని భాగమే. మీ గ్రామమున బాలుడు ఏ పనిముట్టు పట్టినను, ముందుగా దానికి పదును పెట్ట నేర్పుడు.