నౌక ఇక్కడ కడితే ఉద్యోగం ఎవరికి?

(వాట్‌గంజ్‌లో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వదేశీ వస్తువులనే కొనండి, మన యువకులకు ఉద్యోగాలు లభిస్తాయి అన్న నినాదం నేడు మళ్ళీ అన్ని వేదికల మీదా వినవస్తున్నది. ఆ మాటను మేము కాదనము. అయితే సబ్బుబిళ్ళ కొనే గృహిణికి చెప్పినంత గట్టిగా, వేలకోట్ల రూపాయల కొనుగోళ్ళు చేసే సంస్థలకు ఎవరూ చెప్పడం లేదు. ఆ సంగతిని ముచ్చటించడానికి వాట్‌గంజ్ కంటె తగిన చోటు మరొకటి లేదు.

ఈ పేటకు పేరు వచ్చినది కల్నల్ హెన్రీ వాట్సన్ వల్ల. 18వ శతాబ్దం చివరలో ఆయన ఈ హుగ్లీ ఒడ్డున ఓడలు కట్టించాడు. ఆ తరువాత 1890వ దశకంలో ఖిదిర్‌పూర్ డాక్ వచ్చింది. బెంగాల్-నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లో ఉండటం చేత శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి మనవారు కూడా పని వెతుక్కుంటూ ఇటు వచ్చి స్థిరపడ్డారు. మన పక్కనున్న ఫ్యాన్సీ మార్కెట్టేమో విదేశీ సరుకులకు పేరు మోసింది! రేవు కూలీ ఇంటి కుర్రవాడు అక్కడొక గడియారం చూసి ముచ్చటపడితే వానిని దేశద్రోహి అనడానికి మాకు నోరు రాదు.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో విదేశీ వస్తు బహిష్కార తీర్మానం జరిగింది. 1907లో బిపిన్ చంద్రపాల్ మన రాజమహేంద్రవరం, బెజవాడ, బందరులకు వచ్చి ఆ సందేశాన్ని వినిపించారు. ఆనాటి పెద్దలు కేవలం బట్టలు తగలబెట్టి ఊరుకోలేదు. 1906లో చిదంబరం పిళ్ళై తూత్తుకుడిలో స్వదేశీ నౌకా సంస్థనే స్థాపించారు. సరుకు మనదైనా ఓడ పరాయిదైతే కిరాయి పరాయివానికే పోతుందని వారు గ్రహించారు.

ఆ కిరాయి నేటికీ పోతూనే ఉన్నది. 2025లో ప్రధానమంత్రి చెప్పిన లెక్క ప్రకారమే విదేశీ నౌకలకు ఏటా సుమారు 6 లక్షల కోట్ల రూపాయలు చెల్లిస్తున్నాము. ఒకప్పుడు మన విదేశీ వాణిజ్యంలో 40 శాతం మన ఓడలే మోసేవి. ఇప్పుడది 5 శాతానికి దిగజారింది.

మన ఓడలు మనము కట్టుకోలేమా? గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణశాలను 1960లో ప్రభుత్వం స్వాధీనపరచుకున్నది. మరుసటి సంవత్సరమే అక్కడినుండి ‘అజయ్’ యుద్ధనౌక వెలువడింది. విశాఖలో 1948లోనే ‘జల ఉష’ జలప్రవేశం చేసింది. ఇటీవలి ‘కమోర్తా’ సంగతి చూడండి. 2006లో గార్డెన్ రీచ్‌లో దాని నిర్మాణానికి పునాది పడింది, 2010లో నీట దిగింది, 2014లో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరింది. దాని ఉక్కు కూడా మన ప్రభుత్వరంగ కర్మాగారాలలో తయారైనదే. ఒక్క ఓడకు ఎనిమిదేండ్ల పని! 2006లో ఐ.టి.ఐ. ముగించి వచ్చిన 18 ఏండ్ల కుర్రవాడిని ఆ పనిలో నిలిపి ఉంచితే, 2014 నాటికి ఏ దేశపు యార్డయినా పిలిచి పని ఇచ్చే వెల్డరు అయివుండేవాడు.

అయితే నిలిపి ఉంచుతున్నారా? మేము అడుగుతున్నది అదే. నౌకా నిర్మాణశాలలలో వెల్డింగు, పైపుల బిగింపు, రంగుల పని వంటివి ఎంతో భాగం కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నవి. ఓడ పూర్తయితే కుర్రవాని పనీ పూర్తవుతుంది. నేర్చిన విద్యతో మోటారుసైకిలెక్కి ఇంటింటికీ పొట్లాలు చేరవేస్తాడు. అప్రెంటిసుల చట్టం 1961 నాటిది. 2019 నుండి సిబ్బందిలో రెండున్నర శాతం మొదలు 15 శాతం వరకు అప్రెంటిసులను తీసుకోవలసి ఉన్నది. కాని ఆ చట్టమే అప్రెంటిసును కార్మికుడుగా గుర్తించదు. శిక్షణ ముగిసిన తరువాత ఉద్యోగం ఇచ్చి తీరాలనీ చెప్పదు. ఈ లోపాన్ని ఉంచుకొని ఎన్ని స్వదేశీ ఉపన్యాసాలు చేసినా ఏమి ఫలితం?

స్వదేశీ సరఫరాదారులకు ప్రాధాన్యమిస్తూ కేంద్ర ప్రభుత్వం 2017లో కొనుగోళ్ళ ఉత్తర్వు వెలువరించింది. సరుకు విలువలో కనీసం సగం దేశంలో సమకూడితే మొదటి తరగతి స్వదేశీ సరఫరాదారు కింద లెక్క. మంచిదే. 2023లో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డుకు 19 వేల కోట్ల రూపాయలకు అయిదు నౌకల ఆర్డరు ఇచ్చారు. దానిని కూడా మేము స్వాగతించాము. 2025 సెప్టెంబరులో నౌకా నిర్మాణానికి సుమారు 69,725 కోట్ల పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. ఉక్కులో ఎంత వంతు స్వదేశీయో లెక్క కట్టేవారు, ఆ ఉక్కును అతికిన చేతులలో ఎన్నింటికి స్థిరమైన ఉద్యోగమున్నదో కూడా లెక్క కట్టాలి. ఆర్డరు కాగితంలోనే ఇంతమంది అప్రెంటిసులు, వారిలో ఇంతమందికి ఖాయమైన ఉద్యోగం అని షరతు రాయాలి. కుదరదని యాజమాన్యాలు అంటాయి. ప్రజల ధనంతో కొనేటప్పుడు నాణ్యతకు షరతులు కుదిరినట్లే ఇదీ కుదురుతుంది.

కనుక రేపటినుండే పని మొదలుపెడదాము. వాట్‌గంజ్, ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్‌లలోని మన తెలుగు కుటుంబాలలోనే కాదు, పొరుగున ఉన్న బెంగాలీ, బీహారీ, ఒడియా కుటుంబాలలో కూడా ఐ.టి.ఐ. చదివిన పిల్లలెందరో, ఏ పని నేర్చినవారో, శిక్షణ ముగిసినాక ఎక్కడ తేలినారో ఇంటింటికీ వెళ్ళి పట్టిక రాయండి. విశాఖలోని మన సోదరులు కూడా అటువంటి పట్టికనే తయారు చేయాలని కోరుతున్నాము. ఆ రెండు పట్టికలు చేతబట్టుకొనే మేము అధికారుల వద్దకు వెళ్ళదలచాము.